సముద్రం లేని ద్వీపం: మునగాల

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బస్సు సూర్యాపేట దాటాక, కోదాడ రాకముందు మునగాల మీదుగా వెళ్తుంది. మేడ్చల్, శామీర్‌పేట వైపు చదువుకుంటూ పరీక్షలకో ఉద్యోగాలకో ఆ దారిన పోయే మన పిల్లలకు అదొక మామూలు మండల కేంద్రం. 1947కు ముందు మాత్రం అక్కడికి చేరగానే రాజ్యం మారిపోయేది. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ మునగాల పరగణా. అది బ్రిటిష్ వారి మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లా కింద ఉండేది. మన మేడ్చల్ చుట్టుపక్కల భూములు అత్రాఫ్ బల్దా జిల్లాలోవి, నిజాం సొంత ఖర్చుల కోసం ఉంచుకున్న సర్ఫేఖాస్ కిందివి. ఇక్కడి రైతుకు మునగాల పరాయి దేశమే.

మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టడానికి వీరి చేయూత ఉంది. పాఠాల్లో ఇంతవరకూ చెప్తాం. ఆ జమీందారీలోనే రైతులు వెట్టి చేశారని, అక్రమ వసూళ్లు కట్టారని చెప్పం. రెండూ కలిపి చెప్తేనే చరిత్ర అని మా అభిప్రాయం. 1930ల చివర ఆ రైతులు జమీందారుపై తిరగబడ్డారు. వారిని కూడగట్టడంలో కమ్యూనిస్టులు ముందున్నారు.

అక్కడ రాజుకున్నది సరిహద్దు దగ్గర ఆగలేదు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత తెలంగాణ పల్లెల్లో సంఘం పాకింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచిన వారిలో ధర్మాపురం లంబాడీ రైతు జాటోతు ఠానూ నాయక్ ఉన్నాడు. పోరాటం ముదిరాక, నిజాం పోలీసు వెంటపడిన మనిషికి మునగాల పొలిమేర ఒక ఆసరా. ఆ గీత దాటి పట్టుకోవాలంటే పోలీసుకు ఇంకొక ప్రభుత్వం అడ్డం. రాత్రిపూట ఒక చేను దాటితే ప్రాణం నిలిచేది.

బలమైన పొరుగు పక్కన చిన్న చోటు ఎట్లా నిలుస్తుందో తెలియాలంటే క్యూబాను చూడాలి. అమెరికా తీరానికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్వీపం అది. 1898లో స్పెయిన్ పోయింది, అమెరికా వచ్చింది. 1901లో ప్లాట్ సవరణ పేరుతో ఆ దేశపు వ్యవహారాల్లో దిగే హక్కును అమెరికా రాయించుకుంది. గ్వాంటనామోలో పెట్టిన నౌకాస్థావరం ఇప్పటికీ ఉంది. 1959లో కాస్ట్రో గెలిచి పెద్ద కమతాలు తీసుకున్నాడు. 1961 ఏప్రిల్‌లో అమెరికా శిక్షణ ఇచ్చి పంపిన దండు మూడు రోజుల్లో ఓడింది. అదే ఏడు బడిపిల్లలు లాంతర్లు పట్టుకుని పల్లెలకు పోయి, పెద్దలు కలిపి సుమారు ఏడు లక్షల మందికి అక్షరాలు నేర్పారు. పంతుళ్లుగా మాకు నచ్చే ముచ్చట అది. అయితే అక్కడ వేరే పార్టీకి చోటు లేదు, కాదన్నవారు జైలుకు పోయారు, లక్షలమంది దేశం వదిలారు. దాన్ని దాచి పాఠం చెప్పలేం.

క్యూబా నిలవడానికి రెండు ఆసరాలు: చుట్టూ సముద్రం, చక్కెర కొని చమురు ఇచ్చే సోవియట్ యూనియన్. 1991లో రెండోది పోతే బస్సులు ఆగి, జనం సైకిళ్లెక్కారు. అయినా మొదటిది మిగిలింది. మునగాలకు ఉన్న సముద్రమల్లా కాగితం మీది గీత.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. అంతటితో గీతకు రెండు పక్కలా ఒకే సర్కారు. నిన్న దాక్కున్న చోట ఇవాళ అదే పోలీసు. దళాలు మైదానం వదిలి గోదావరి అడవుల్లోకి, కోయ గూడేల్లోకి వచ్చాయి.

ఇక్కడినుంచి కథ మనది, పాఠ్యపుస్తకంలో లేనిది. దళాలకు తిండి అందకుండా చేయాలని సర్కారు అడవిలోని గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని కాపలా ఉన్న శిబిరాలకు చేర్చింది. పోడు పోయింది, వేట పోయింది, ఇప్పపూల కాలం శిబిరంలోనే గడిచింది. దేశ్‌ముఖ్ భూమి కోసం మొదలైన పోరు కోయవాడి గుడిసె కూల్చి ముగిసింది. 1951 అక్టోబర్‌లో పార్టీ పోరాటం విరమించింది. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఆ విజయం పుస్తకాలకెక్కింది. శిబిరం నుంచి తిరిగొచ్చి తన పాత చేను ఇంకొకరు దున్నుతుండగా చూసినవాడి పేరు ఎక్కలేదు.

మునగాల తర్వాత నల్లగొండలో కలిసింది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. శామీర్‌పేట హాస్టళ్లలో ఉన్న భద్రాచలం, ఏటూరునాగారం పిల్లలు సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఎనభై దాటిన ముసలివాళ్లను అడగాలి: మన గూడెం మొదట ఎక్కడుండేది? అక్కడినుంచి ఎవరు లేపారు, ఏ శిబిరంలో పెట్టారు, తిరిగి వచ్చింది ఎందరు? పేర్లతో సహా నోటుబుక్కులో రాసుకోవాలి. చెప్పగలిగినవాళ్లు ఊరికి ఒకరిద్దరే మిగిలారు.