పేటెంటెరుగని ఉక్కుముద్ద

పేటెంటు అనగానే మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు ముందు గుర్తుకొచ్చేది సీసా మందు. వైద్యుడు నూరి ఇచ్చేది నాటు మందు. అంగట్లో రంగుకాగితం చుట్టి అమ్మేది పేటెంటు మందు. అంతకు మించి ఆ మాటతో మనకు పెద్దగా పనిపడలేదు. కాని ఈ పేటెంటుకూ, మన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల నేలకూ ఒక పాత బాకీ ఉంది. ఆ బాకీ ఏమిటో ఇవాళ కాస్త తిరగేసి చూద్దాం.

అసలు పేటెంటంటే ఏమిటి? అదొక ఒప్పందం. సర్కారు ఒక మనిషితో అంటుంది గదా: "నాయనా, నువ్వు కొత్తగా కనిపెట్టిన పనిని దాచుకోకు. ఎట్లా చేశావో కాగితం మీద పెట్టు. బదులుగా ఇన్నేళ్లపాటు నీ అనుమతి లేనిదే మరొకడు ఆ పని చేయకుండా నేను కాపలా కాస్తాను. గడువు తీరాక అది అందరి సొత్తు." ఇంగ్లండులో 1624లో చేసిన చట్టం ఈ గడువును 14 ఏళ్లుగా పెట్టింది. మన దేశంలో ఇటువంటి చట్టం 1856లో వచ్చింది. దాని కింద మొదటి అర్జీ పెట్టుకున్నవాడు కలకత్తాలోని డిపెనింగ్ అనే ఇంజనీరు. ఆయన కనిపెట్టింది పంకా లాగే యంత్రం! దొరలకు చెమట ఆరడం కన్న ముఖ్యమైన పని ఏముంది మరి?

ఇక మన సంగతికి వద్దాం. కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూరు వైపు పోయే దారిలో కమ్మర్‌పల్లి వస్తుంది. ఆ చుట్టుపక్కలదే కోనసముద్రం. నేటి లెక్కలో నిజామాబాదు జిల్లా, కాని కరీంనగరు సరిహద్దుకు కూతవేటు. గోదావరికి అవతల నిర్మల్ దిక్కున దిమ్మదుర్తి. ఒక ఊళ్లో ఇనుపరేణువుల నల్ల ఇసుక, ఇంకో ఊళ్లో ఇనుము కరిగించే కొలుములు, మరో ఊళ్లో ఉక్కు మూసలు. నేటి మూడు నాలుగు జిల్లాల్లో పరుచుకున్న ఒకే ఒక్క కార్ఖానా అనుకోండి. గోడలు లేవు, గేటు లేదు, బోర్డు అసలే లేదు.

1820 ప్రాంతాల్లో హెన్రీ వాయిసీ అనే ఆయన ఇటు వచ్చాడు. వృత్తికి సర్జను. దేశాన్ని గొలుసులు పట్టి కొలుస్తున్న కర్నల్ లాంబ్టన్ సర్వే దళంలో వైద్యమూ చూసేవాడు, రాళ్లూ రప్పలూ పరీక్షించేవాడు. కోనసముద్రంలో ఉక్కు ఎట్లా చేస్తున్నారో కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాక, 1832లో ఆ రాత కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆయన చూసిన పని ఇది. రెండు ఊళ్ల నుంచి రెండు రకాల ఇనుము తెప్పిస్తారు. ఆ ముక్కలను తగిన పాళ్లలో మట్టిమూసలో వేసి, కాస్త గాజుపెంకు చేర్చి, పైన మట్టిమూత పెట్టి బిగిస్తారు. రేయింబవళ్లు తిత్తులు ఊదుతారు. తర్వాత మెల్లగా చల్లారనిస్తారు. మూస పగలగొడితే లోపల ఉక్కుముద్ద. దానికి మట్టి పట్టించి మళ్లీ మళ్లీ కాల్చి, సుత్తెదెబ్బకు పగలకుండా మెత్తబరుస్తారు.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఇనుములో బొగ్గుసారం ఏమీ లేకపోతే అది వంగిపోతుంది, మరీ ఎక్కువైతే పెళుసుబారి పగులుతుంది. నూటికి ఒకటిన్నర పాలు అటూఇటూగా ఉంటే కత్తికి పదునూ నిలుస్తుంది, ఒంట్లో బలమూ ఉంటుంది. సారం ఎక్కువున్న ఇనుమునూ తక్కువున్న ఇనుమునూ కలిపి కరిగించి సరైన పాలు రాబట్టడమే కోనసముద్రం విద్య. తూచడానికి ప్రయోగశాల లేదు. చెయ్యి చెప్పాలి, కన్ను చెప్పాలి.

ఆ సమయానికి ఆ ఊళ్లో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే ఇరానీ వర్తకుడున్నాడట. అంత దూరం నుంచి కొండలూ సముద్రమూ దాటి ఈ ముద్దల కోసం వచ్చాడు. తమ దేశంలో ఇటువంటి ఉక్కు చేయబోయి చేతకాక విరమించుకున్నామని ఆ వర్తకులే చెప్పుకున్నారు. డమాస్కసు కత్తులని లోకం పొగిడిన అలలచారల కత్తులకు పుట్టిల్లు ఇటువంటి ముద్దలే.

ఇప్పుడు లండను వెళ్దాం. 1794లో బొంబాయిలో ఉన్న హెలెనస్ స్కాట్ అనే డాక్టరు, రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు కొన్ని భారతీయ ఉక్కుముద్దలు పంపాడు. దాని పేరు 'వూట్జ్' అని రాశాడు. మన 'ఉక్కు' తెల్లవాళ్ల నోట్లో పడి అట్లా తయారైందని పండితుల మాట. మరుసటి ఏడే జార్జ్ పియర్సన్ అనే వైద్యుడు దాన్ని పరీక్షించి వ్యాసం చదివాడు. లండను స్ట్రాండ్ వీధిలో జేమ్స్ స్టోడార్ట్ అని కత్తుల తయారీదారు ఉండేవాడు. ఏళ్ల తరబడి పోల్చి చూశాక, యూరపులోని మేలైన ఉక్కు కన్న ఇదే నాకు నచ్చిందని తన దుకాణం కార్డు మీదే అచ్చు వేయించుకున్నాడు. సర్జన్ల పరికరాలు, గడ్డం గీసే కత్తులు ఈ ఉక్కుతోనే చేసేవాడు. మత్తుమందు లేని రోజులవి. కత్తి ఎంత పదునుగా ఉంటే రోగి బాధ అంత త్వరగా తీరేది.

ఆ స్టోడార్టే మైఖేల్ ఫారడేను ఈ పనిలోకి దించాడు. అవును, విద్యుత్తు ఫారడేనే. ఆయన కమ్మరి కొడుకు కూడాను! ఇద్దరూ కలిసి 1819 నుంచి ఈ ఉక్కు రహస్యం తెలుసుకుందామని, వెండీ ప్లాటినమూ వగైరా ఉక్కులో కలిపి ఎన్నో ప్రయోగాలు చేశారు. వూట్జ్ గుట్టు పూర్తిగా చిక్కలేదు గాని, ఉక్కులో ఇతర లోహాలు కలిపే శాస్త్రానికి అక్కడ పునాది పడింది.

ఇంతమంది పేర్లు చెప్పుకున్నాం గదా. స్కాట్, పియర్సన్, స్టోడార్ట్, ఫారడే. ఆ ముద్ద చేసిన కమ్మరి పేరేమిటి? స్కాట్ పంపిన పెట్టెలో ముద్దలు వెళ్లాయి, పేర్లు వెళ్లలేదు.

అసలు తమాషా తర్వాత ఉంది. 1800లో డేవిడ్ మషెట్ ఒక పేటెంటు తీసుకున్నాడు. ఇనుమునూ బొగ్గుసారాన్నీ మూసలో కలిపి కరిగిస్తే నేరుగా ఉక్కవుతుందని దాని సారాంశం. 1825లో చార్లెస్ మాకింటాష్ మరొకటి తీసుకున్నాడు. వానకోటుకు పేరిచ్చిన మాకింటాషే ఈయన. ఎర్రగా కాలిన ఇనుముకు బొగ్గుసారమున్న వాయువు తగిలిస్తే ఉక్కవుతుందని ఈయన కనిపెట్టింది. మద్రాసు కంపెనీ కొలువు వదిలి పోర్టోనోవోలో ఇనుప కార్ఖానా పెట్టిన జోసయా హీత్ అనే దొర, దక్షిణాది కమ్మరుల పని చూసి ముక్కున వేలేసుకున్నాడు. అక్కడ మూసలో ఇనుముతోపాటు ఎండు తంగేడు పుల్లలు, పచ్చి ఆకులు వేసి మట్టితో మూత బిగించేవారు. వేడికి పుల్ల బొగ్గవుతుంది, ఆకుల నుంచి వాయువు పుడుతుంది, మూత బిగించి ఉంది గనుక బయటికి పోదు. అంటే మషెట్ పేటెంటూ, మాకింటాష్ పేటెంటూ రెండూ ఒక్క మట్టిమూసలోనే ఉన్నాయి! ఈ మాట అన్నది మనం కాదు, హీత్ దొరే. ఇంగ్లండులో రోజుల తరబడి సాగే పని ఇక్కడ రెండున్నర గంటల్లో ముగుస్తున్నదని కూడా రాశాడు.

మన దిక్కున తంగేడు పుల్ల బదులు రెండు ఇనుముల మేళవింపు. దారులు రెండు, చేరిన గమ్యం ఒకటే.

అయితే పేటెంటు కాగితం చేతికొస్తే చాలు, భాగ్యం కలిసొస్తుందనుకోకండి. ఇదే హీత్ 1839లో ఉక్కులో మాంగనీసు కలిపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దానితో షెఫీల్డులో మంచి ఉక్కు ధర బాగా దిగింది. కాని అర్జీలో ఆయన రాసిన పదార్థం ఒకటి. దాని బదులు మాంగనీసు ఖనిజాన్నీ తారునూ విడివిడిగా మూసలో వేస్తే మూసలోనే అది తయారవుతుంది, చవక కూడాను. ఈ సంగతి తెలిసిన అన్విన్ అనే ఆయన సొంత ఏజెంటే సొమ్ము ఇవ్వనని తిరగబడ్డాడు. ఏళ్ల తరబడి వ్యాజ్యం. హీత్ 1851లో చనిపోయాడు. 1855లో ప్రభువుల సభ ఇచ్చిన ఆఖరి తీర్పు కూడా ఆయనకు ఎదురుగానే వచ్చింది. ఒక్క మాట తేడాతో కొంప మునిగింది.

మరి మన కొలుముల సంగతి? 1856లో హెన్రీ బెసెమర్ కరిగిన ఇనుములోకి గాలి ఊది గంటలోపే టన్నుల లెక్కన ఉక్కు చేసే పద్ధతిని లోకానికి చాటాడు, పేటెంటూ తీసుకున్నాడు. ఓడల్లో, ఆ తర్వాత రైళ్లలో చవక ఇనుము వచ్చి పడింది. కమ్మరి వీధిలో సూదులు అమ్మడమంటే ఇదే గదా! ఒకపక్క బొగ్గుకు అడవి అందుబాటు తగ్గింది, ఇంకోపక్క కత్తుల కాలం పోయింది. ముద్దకమ్మరుల పిల్లలు నాగటికర్రులు సాగగొట్టే పనిలోకి, పాలేరుతనంలోకి వెళ్లారు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి మాత్రమే దిగే విద్య, ఆ కొడుకు తిత్తి వదిలేసిన రోజున ఆగిపోయింది.

"మనవాళ్లు గుట్టుగా దాచుకున్నారు, అందుకే పోయింది" అని కొందరంటారు. దాచుకోవడం మన ఒక్కరి గుణం కాదండీ. 1740 ప్రాంతంలో షెఫీల్డులో మూస ఉక్కు చేసిన బెంజమిన్ హంట్స్‌మన్ కూడా పేటెంటు జోలికి పోకుండా గుట్టుగానే దాచాడు. బిచ్చగాడి వేషంలో చలికి వణుకుతూ వచ్చిన ఒక పోటీదారు, కొలిమి దగ్గర పడుకుని అంతా చూసిపోయాడని అక్కడి కథ. తేడా ఎక్కడుందంటే, అక్కడ రహస్యం బయటపడినా దాన్ని రాసేవాడున్నాడు, పెంచేవాడున్నాడు. ఇక్కడ రహస్యం భద్రంగానే ఉండిపోయింది. భద్రంగానే నశించింది.

రాత ఎంత పని చేస్తుందో ఇదే నేలమీద పండే పసుపు చెబుతుంది. 1995లో అమెరికాలో, గాయాలకు పసుపు వాడడం మీద పేటెంటు ఇచ్చారు. మన అమ్మమ్మలందరూ నేరస్థులయ్యేవారన్నమాట! మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. దేనితో? మా ఇళ్లల్లో అందరికీ తెలుసు అన్న మాటతో కాదు, పాత గ్రంథాలూ పత్రికల్లో అచ్చయిన రాతలూ చూపించి. కాగితానికి కాగితమే జవాబు.

ఇప్పుడిప్పుడు మనవాళ్లూ ఈ విద్య నేర్చుకుంటున్నారు. ఆలేరు దిక్కున శారాజీపేటలో, చదువు మధ్యలో ఆపేసిన చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మమ్మ రోజంతా ఆసు పోసి భుజాలు పడిపోవడం చూడలేక, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి ఆ తల్లి పేరే పెట్టి, పేటెంటూ తీసుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కరీంనగరు వెండి నగిషీకి, నిర్మల్ బొమ్మలకు ఊరి పేరు మీదే భౌగోళిక గుర్తింపు దక్కింది. పేటెంటు ఒక మనిషికి, ఈ గుర్తింపు ఊరంతటికీ.

కోనసముద్రానికి ఏం మిగిలింది? వాయిసీ రాసిన కొద్ది పుటలు, నేలలో చిట్టెపు దిబ్బలు. 1980లలో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు ఇక్కడి మూసపెంకులను పరీక్షించి, మట్టిలో ఊక కలపడమే ఆ మూస అంత వేడికి ఆగడానికి ఆయువుపట్టని తేల్చారు. 2010లో బెంగుళూరు, ఎక్సెటర్ పరిశోధకులు మన జిల్లాలన్నీ తిరిగి, పాత ఇనుప కొలుముల జాడలు వందల చోట్ల నమోదు చేశారు. డాక్టర్ ఎస్. జైకిషన్ వంటి మనవాళ్లూ ఆ పనిలో నడిచారు. అయితే దిబ్బలు కూడా శాశ్వతం కాదు. రోడ్డుకు కంకర కావాలంటే, చేను చదును చేయాలంటే ముందు పోయేవి అవే.

కనుక మెట్‌పల్లి, కోరుట్ల, నిర్మల్ వైపు పాఠకులకు ఒక మనవి. మీ చేనుగట్టున నల్లగా, బరువుగా, బుడగలుబుడగలుగా రాళ్లు కనబడితే అవి చిట్టెం కావచ్చు. వాటి మధ్య గాజుపూత పట్టిన మట్టిపెంకు దొరికితే అది మూసముక్క కావచ్చు. పారేయకండి. ఎక్కడ దొరికిందో ఒక చీటీ మీద రాసి, ఊరి బడిలో పంతులుగారికి ఇవ్వండి. అట్లాగే మీ ఊళ్లో కొలిమి పని తెలిసిన తాత ఇంకా ఉంటే, ఆయన పేరూ, పని తీరూ రెండు పుటలు రాసిపెట్టండి. ఆ రెండు పుటలు కోనసముద్రం కమ్మరికి దక్కలేదు.