మూడో కుర్చీ

టీవీలో చర్చ జరిగితే ఎవరు గెలిచారో మర్నాడు అందరూ చెప్తారు. ఆ టీవీ ముందు కూచున్న మాలపేట ఏమనుకుందో ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కవిటి మండలంలో ఒక ఊరు. ఉద్దానం అంటే ఉద్యానవనం అని బయటవాళ్లు మురిసిపోతారు. ఆ వనంలో కొబ్బరిచెట్లు ఊరివాళ్లవి, చెట్టెక్కే కాళ్లు మావి.

1994 నవంబరు. అసెంబ్లీ ఎన్నికలు. అప్పటికి కారంచేడు జరిగి తొమ్మిదేళ్లు, చుండూరు జరిగి మూడేళ్లు. అంతకుముందు ఏడాదే ఉత్తరప్రదేశ్‌లో బీఎస్పీ, సమాజ్‌వాదీ పార్టీతో కలిసి ప్రభుత్వంలోకి వచ్చింది. కాన్షీరాం పేరు మా పేటకీ చేరింది. కాలేజీలో చదివే నలుగురం నీలం రంగు కలిపి గోడలమీద ఏనుగు బొమ్మలు వేశాం. 'ఓట్లు మావి, రాజ్యం మీది - ఇక సాగదు' అని రాశాం. తెలుగుదేశం, కాంగ్రెస్ తప్ప మరో దారి లేదనుకున్న మాకు మూడోది దొరికింది.

ఊరికంతా పంచాయతీ ఆఫీసులో ఒక్కటే టీవీ. రాత్రిళ్లు దూరదర్శన్‌లో పార్టీల నాయకులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేవారు. ఊరివాళ్లు లోపల చాపలమీద. మేం కిటికీ బయట. మా అయ్య కిటికీ ఊచ పట్టుకుని అడిగేడు.

"ఒరే, మీ కాన్సీరాం ఎప్పుడొస్తాడ్రా?"

"రేపొస్తాడయ్యా."

మూడు రాత్రిళ్లు నిలబడ్డాడు. చెట్లెక్కి వచ్చిన కాళ్లతో నిలబడ్డాడు. రాలేదు.

ఎందుకు రాలేదో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఎన్నికల వేళ రేడియోలో, దూరదర్శన్‌లో పార్టీలకి సమయం ఇవ్వడం 1977లో మొదలైంది. ఆ సమయం గుర్తింపు పొందిన పార్టీలకే. బీఎస్పీకి జాతీయ పార్టీ గుర్తింపు 1997లో వచ్చింది. అంటే మా అయ్య నిలబడ్డ కిటికీలోంచి మా మనిషి కనపడే దారే లేదు. తెలియక నేను అయ్యకి అబద్ధం చెప్పాను. తెలుగుదేశానికి 216 సీట్లొచ్చాయి. ఏనుగుకి రాష్ట్రంలో ఒక్కటీ రాలేదు.

1995 జూన్ 3న మాయావతి ముఖ్యమంత్రి అయింది. వార్తల్లో ఆమెని చూపించిన రాత్రి అయ్య అదే కిటికీ దగ్గర ఏమీ అనకుండా నిలబడ్డాడు. ఇంటికొస్తూ, "మనోళ్లూ అవుతారన్నమాట" అన్నాడు. అంతే.

పాతికేళ్లు గడిచాయి. 2019. ఇప్పుడు మా ఇంట్లోనే టీవీ. ఈసారి మూడో పక్షం అంటే జనసేన, బీఎస్పీ, కమ్యూనిస్టు పార్టీలు కలిసిన కూటమి. అప్పటికి ఆరు నెలల కిందటే, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. చెట్లు పడిపోయాయి. చెట్టున్నవాడికి చెట్టు లెక్కన పరిహారం. చెట్టెక్కేవాడిది ఏ లెక్కలోకీ రాలేదు. మా కుర్రాళ్లు వలస పోయారు. అంతకుముందు నుంచే ఉన్నది కిడ్నీ జబ్బు. ఎందుకొస్తుందో ఇదీ అని ఈనాటికీ తేలని జబ్బు.

ఎన్నికల ముందు ఒక ఛానల్‌వాళ్లు తోటలో చర్చ పెట్టారు. మూడు కుర్చీలు. మూడో కుర్చీలో మా వాళ్లు బలపరిచిన అభ్యర్థి. ఛానల్ పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అనవసరం. మా ఇంట్లో ముప్పై మంది కూచున్నారు. మొదటి ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. మూడో ఆయన నోరు విప్పబోతే ప్రకటనలు. చివరికి కిడ్నీ జబ్బు గురించి, నీళ్ల గురించి నాలుగు మాటలు గట్టిగా అన్నాడు. మా గుంటలు ఈలలేశారు. అప్పుడు చర్చ నడిపేవాడు అడిగాడు: "ఇంతకీ మీరు ఎవరి ఓట్లు చీలుస్తారు?"

ఇల్లంతా లేచింది. చీల్చడానికి మన ఓటు ఎవరి ఆస్తి? వాళ్లకి పడాల్సింది మనం దొంగిలించామా? 1994లోనూ గోడకి రంగేస్తుంటే మమ్మల్ని ఇదే అడిగారు.

టీవీ కట్టేశాం. మనవాడే గెలిచాడని కుర్రాళ్లు. మా చిన్నమ్మ గోడకి ఆనుకుని కూచుంది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పోయే మనిషి. మెల్లగా అంది:

"బాగానే సెప్పినాడు బాబూ. నీళ్లన్నాడు. మరి పేట కుళాయి మాట అనలేదేటి? పడిపోయిన సెట్టుకి డబ్బులన్నాడు. సెట్టెక్కినోడి కూలి మాట అనలేదేటి?"

"మూడు నిమిషాల్లో ఎన్ని సెప్తాడే పెద్దమ్మా?" అన్నాడొక గుంటడు.

"ఆ మూడు నిమిషాల్లోనూ మన మాటే మిగిలిపోయిందేల?"

నాకు కోపం వచ్చింది. ఇంతకాలానికి మన పక్కన నిలబడే మనిషి తెరమీద కనిపిస్తే ఈ వంకలేమిటి అనిపించింది. రాత్రి నిద్ర పట్టలేదు. అయ్య పట్టుకున్న కిటికీ ఊచ గుర్తొచ్చింది. ఆయన మూడు రాత్రిళ్లూ ఎదురుచూసింది ఒక మొహం కోసం కాదు, ఒక మాట కోసం. చిన్నమ్మ అడిగిందీ అదే.

పొద్దున్నే నోటుపుస్తకంలో చిన్నమ్మ రెండు ప్రశ్నలూ రాశాం. మూడు పార్టీలవాళ్లకీ ఇచ్చాం. ఓటుకి ముందు ప్రశ్న ఇవ్వడం మా పేటలో అదే మొదలు.

మే 23న ఫలితాలు. కూటమికి రాష్ట్రం మొత్తంమీద ఒక్క సీటు, రాజోలు. అది ఎస్సీ రిజర్వుడు సీటే. 2023 డిసెంబరు 14న హిరమండలం రిజర్వాయరు నుంచి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకాన్నీ, పలాసలో 200 పడకల ఆసుపత్రినీ ప్రారంభించారు. చిన్నమ్మ ఆ నీళ్లు చూడలేదు. 2021లోనే పోయింది.

మన మనిషి తెరమీదకి రావడం చిన్న సంగతి కాదు. అయ్య తరానికి ఆ దారే లేదు. కానీ మూడో కుర్చీలో ఎవరు కూచున్నా మన ప్రశ్న మనమే రాసివ్వాలి. ఆ నోటుపుస్తకం ఇంకా నా దగ్గరుంది. ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి.