తాతగారి నాలుగున్నర శ్రుతి

బరంపురంలో మా ఇల్లు కట్టేనాటికి ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యాక ఊరు అటు వెళ్ళింది. మేం మాత్రం ఉన్నచోటే ఉన్నాం. తాతగారు నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె, రాయబారం పద్యాల ప్లేటు ఒకటి మాకు మిగిలాయి.

మొన్న ఆ ప్లేటుని కొత్త టర్న్‌టేబుల్ మీద పెడితే ఒకటే గరగర. ఇక పాడైపోయిందనుకున్నాం. తప్పు ముల్లుది. ఎల్.పి. రికార్డుల ముల్లు మొన సుమారు 25 మైక్రాన్లు ఉంటుంది. పాత లక్క ప్లేట్ల గాడి వెడల్పు. దానికి 75 మైక్రాన్ల దాకా కావాలి. సన్నముల్లు గాడి అడుక్కి దిగి, అక్కడి దుమ్మునీ గీతల్నీ వినిపిస్తుంది. ముల్లు మార్చాం. ప్లేటుని స్పిరిట్ తగలకుండా తుడిచాం, ఎందుకంటే స్పిరిట్‌కి లక్క కరిగిపోతుంది.

గరగర చాలావరకు తగ్గింది గానీ గొంతు సన్నగా, తొందరగా ఉంది. పెద్దత్త వినగానే, ‘‘ఇది కాదర్రా, నాన్న పెట్టేది ఇంకా నిండుగా ఉండేది’’ అంది. ఆవిడకు ఎనభై దాటాయి, మతిమరుపేమో అనుకున్నాం.

కవరు మీద తాతగారు పెన్సిలుతో ‘నాలుగున్నర’ అని రాసుకున్నారు. హార్మోనియంతో సరిచూస్తే మాకు వినబడుతున్నది దాదాపు ఐదు శ్రుతి. అప్పుడు తట్టింది. 78 అని పేరే గానీ, 1925లో మైకుతో రికార్డింగు మొదలవక ముందు ప్లేట్లన్నీ ఒకే వేగంతో తీసేవారు కాదు. మా ప్లేటు ఆ కాలానిదే. కీ ఇచ్చే గ్రామఫోనుకి వేగం మార్చే మీట ఉండేది. తాతగారు దాన్ని జరిపి, తన పెట్టె శ్రుతికి కలుపుకునేవారట.

మేమూ అదే చేశాం. వేగాన్ని నిమిషానికి 74 చుట్లకు తగ్గించేసరికి ప్లేటులోని హార్మోనియమూ మా హార్మోనియమూ ఒక్కటిగా పలికాయి. నాలుగు చుట్ల తేడాకి శ్రుతి ఇంచుమించు అర మెట్టు దిగుతుంది. పెద్దత్త ఈసారి ఏమీ అనలేదు. పద్యం చివర రాగం తీస్తుంటే తనూ మెల్లగా అందుకుంది. ఇంట్లో ఒడియాలోనే మాట్లాడే మా పిల్లలు రెండోసారి పెట్టమన్నారు.

మీ అటకల మీదా ఇలాంటి ప్లేట్లు ఉంటే గరగరకి జడిసి పారేయకండి. ముందు కవర్ల మీది రాతలు చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి.