డిజిటల్ సైనేజ్

ఎల్ఈడీ, ఎల్‌సీడీ తెరలపై ప్రకటనలను, సూచనలను ఒకే కేంద్రం నుంచి నెట్‌వర్క్ ద్వారా మారుస్తూ ప్రదర్శించే వ్యవస్థ డిజిటల్ సైనేజ్. దీనికి ముందుతరం, రేకులు తిరిగే యాంత్రిక బోర్డులది. ఇటలీకి చెందిన సొలారి సంస్థ 1956లో బెల్జియంలోని లియేజ్ రైల్వే స్టేషన్‌లో అలాంటిది నెలకొల్పింది. 1990లలో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ రావడంతో పూర్తి రంగుల ఎల్ఈడీ తెరలు సాధ్యమయ్యాయి.

తెరకు అనుసంధానమైన మీడియా ప్లేయర్ సర్వర్ పంపిన జాబితాను నిల్వ చేసుకుంటే, నెట్‌వర్క్ తెగినా ప్రదర్శన ఆగదు. కర్మాగారాల్లో షిఫ్టు వివరాలకు, బ్యాంకుల్లో టోకెన్ నంబర్లకు దీన్ని వాడతారు. తెలుగు రాష్ట్రాల ప్రధాన రైల్వే స్టేషన్లలో రైళ్ల వివరాలు తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో వంతులవారీగా కనిపిస్తాయి. ప్లాట్‌ఫారం పైకప్పుకు వేలాడే చిన్న బోర్డు అయిదంకెల రైలు నంబరును, అక్కడ ఆగే బోగీ గుర్తును చూపుతుంది. సామాను మోసుకొచ్చే ప్రయాణికుడికి పెద్ద బోర్డుకన్నా ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

అత్యవసర వేళల్లో మామూలు జాబితా ఆగి హెచ్చరిక తెరకెక్కుతుంది. 2004లో ఒయాసిస్ సంస్థ ఆమోదించిన కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ ఇందుకు వాడే ప్రమాణాల్లో ఒకటి. ప్రమాద తీవ్రత, వర్తించే ప్రాంతం, గడువు అందులో విడివిడిగా నమోదవుతాయి కనుక సంబంధిత ప్రాంతపు తెరలను మాత్రమే మార్చవచ్చు. చూపులేనివారి కోసం మైకు ప్రకటన, కరెంటు పోయినప్పటికి యూపీఎస్ తప్పనిసరిగా ఉండాలి.