హోప్‌టౌన్ రేవులో హత్య: చేతన, హేతువు, దండనీతి

1872 ఫిబ్రవరి 8. అండమాన్ దీవుల్లోని ఖైదీల వలసను పరిశీలించడానికి వచ్చిన వైస్రాయి లార్డ్ మేయో మౌంట్ హారియట్ కొండపై సూర్యాస్తమయం చూసి, చీకటి పడ్డాక దివిటీల వెలుగులో పోర్ట్‌బ్లెయిర్ (నేటి శ్రీ విజయపురం) ఎదుటి హోప్‌టౌన్ రేవుకు దిగివచ్చాడు. పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే ఖైదీ వెనుక నుంచి దూకి అతణ్ణి కత్తితో పొడిచాడు. మేయో కొద్దిసేపటికే మరణించాడు. హంతకుణ్ణి మరుసటి నెలలో వైపర్ దీవిలో ఉరితీశారు.

షేర్ అలీ ఆఫ్రిదీ తెగవాడు. పెషావర్‌లో కమిషనరు వద్ద ఆశ్వికుడిగా నమ్మకంగా కొలువు చేసినవాడు. వంశవైరంలో బంధువును చంపాడన్న నేరానికి 1867లో మరణశిక్ష పడి, ద్వీపాంతరవాసంగా మారింది. అండమాన్‌లో మంచి నడవడి వల్ల అతనికి క్షురకవృత్తి చేసుకునే వెసులుబాటు దక్కింది.

ఈ హత్యకు కారణమేమిటన్న ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు వచ్చాయి. దేవుడు ఆజ్ఞాపించాడని, తనకు వేరే భాగస్వాములు లేరని షేర్ అలీ చెప్పాడు. ఉన్నతస్థాయి ఐరోపీయుణ్ణి చంపాలని చాలాకాలంగా నిశ్చయించుకున్నట్లు కూడా అంగీకరించాడు. అంతకు కొన్ని నెలల ముందు కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తి నార్మన్ హత్య జరిగినందున, ప్రభుత్వ వర్గాలు వహాబీల కుట్రను శంకించాయి. తరువాతి తరాల్లో కొందరు అతణ్ణి దేశభక్తుడిగా స్మరించారు. మేయో జీవితచరిత్ర రాసిన హంటర్ మాత్రం హంతకుడి పేరునైనా గ్రంథస్థం చేయడానికి నిరాకరించాడు.

కర్మ అంటే చేతనే అన్నది బుద్ధుని నిర్వచనం. అంగుత్తర నికాయంలో ఆయన మూడు మతాలను ఖండించాడు: అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమనేది, ఈశ్వరనిర్మితమనేది, నిర్హేతుకమనేది. ఈ మూడింటిలో దేన్ని అంగీకరించినా హంతకుడు హంతకుడు కావడానికి అతని చేతన కారణం కాదు. ఇది చేయాలి, ఇది చేయకూడదు అనే విచక్షణకు, ప్రయత్నానికి తావుండదు. షేర్ అలీ చెప్పిన దైవాజ్ఞకే కాదు, మన వాడుకలోని ‘తలరాత’కు, ‘పూర్వజన్మ కర్మ’ అనే సాకుకు కూడా ఈ విమర్శ వర్తిస్తుంది. అతని నిశ్చయం ఆ సాయంత్రం పుట్టినది కాదు; విడిచిపెట్టగల అవకాశం ప్రతిదినం ఉండింది.

అయితే చేతన, దాని వెనుకనున్న ప్రేరణ ఒకటి కావు. వినయపిటకంలో తృతీయ పారాజికకు సంబంధించిన ఉదంతం ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. రోగపీడితుడైన భిక్షువుపై కరుణతో తోటి భిక్షువులు అతని ఎదుట మరణాన్ని ప్రశంసించారు, అతడు మరణించాడు. ప్రేరణ కరుణే అయినా వారికి పారాజిక తప్పలేదు. దేశభక్తి అనే ప్రేరణను అంగీకరించినా హోప్‌టౌన్‌లోని వధచేతన చెరిగిపోదు. ప్రేరణను అన్వేషించేది దోషాన్ని రద్దు చేయడానికి కాదు, దాని మూలం లోభమో ద్వేషమో మోహమో తెలుసుకోవడానికి.

ఈ పరీక్ష దండించినవారికీ వర్తించాలి. సాతవాహన రాజును ఉద్దేశించినదిగా సంప్రదాయం చెప్పే ‘రత్నావళి’లో ఆచార్య నాగార్జునుడు దండనీతిని చర్చించాడు. అయోగ్యుడైన కుమారుణ్ణి తీర్చిదిద్దాలనుకునే తండ్రి వలె రాజు కరుణతో శిక్షించాలి. ద్వేషంతోనో ధనాశతోనో కాదు. చెరలో ఉన్నంతకాలం ఖైదీలకు క్షురకులు, స్నానం, అన్నపానాలు, ఔషధం, వస్త్రాలు సమకూర్చాలి. హంతకులను సైతం బాగా విచారించి, చంపకుండా, హింసించకుండా దేశం నుంచి వెలివేయాలి.

బాహ్యరూపంలో అండమాన్ కూడా వెలియే. కానీ 1857 తిరుగుబాటు ఖైదీల కోసం 1858లో నెలకొన్న ఆ వలసకు ‘కాలాపానీ’ భయమే పునాది. ఖైదీల శ్రమతోనే అడవులు నరికించారు. నాగార్జునుడు కోరిన వెలికి మూలం కరుణ; ఈ వెలికి మూలం వేరు. మేయో ఆ వలస నిర్వహణను చక్కదిద్దాలన్న ఆలోచనతోనే అక్కడికి వెళ్లాడన్నది విషాదకరమైన సత్యం.

హంతకుడి పేరును తొలగించిన చరిత్ర అతని చేతనను పరీక్షించలేదు. అతణ్ణి వీరుడిగా మాత్రమే స్మరించే చరిత్రా పరీక్షించలేదు. కత్తి పట్టిన చేతిని, ఉరితాడు బిగించిన చేతిని ఒకే ప్రశ్న అడగడం కర్మసిద్ధాంతం చరిత్రకారునికి నేర్పే క్రమశిక్షణ.