యాష్ చెట్లు, ఒక ఆకుపచ్చ పురుగు

ఒరెగాన్‌లోని హిల్స్‌బరో నుంచి మా చెల్లెలు ఒక ఫోటో పంపింది. వాళ్ళ వాకిట్లో యాష్ చెట్టు. పైకొమ్మల్లో ఆకు పలచబడింది. “అన్నయ్యా, నీళ్ళు చాలట్లేదేమో, ఇంకాస్త పెట్టమంటావా?” అని కింద ప్రశ్న.

ఇరవయ్యేళ్ళ కిందట మిషిగన్‌లో, డిట్రాయిట్ శివారు కాంటన్‌లో, నేను చేసిందీ అదే. చెట్టు పైనుంచి ఎండుతుంటే గొట్టం పెట్టి మొదలు తడిపాను. చెట్ల గురించి తెలిసినవాళ్ళు కూడా అప్పట్లో యాష్ ఎల్లోస్ అనే పాత జబ్బునే అనుమానించారు.

2002లో అసలు దొంగ బయటపడింది. ఆకుపచ్చగా మెరిసే చిన్న పెంకుపురుగు. ఇక్కడెవరికీ దాని పేరు తెలియలేదు. స్లొవాకియాలో ఎడ్వర్డ్ యెండెక్ అనే నిపుణుడికి పంపితే, తూర్పు ఆసియాకు చెందిన అగ్రిలస్ ప్లానిపెన్నిస్ అని తేల్చాడు. శాస్త్రానికి అది 1888 నుంచీ తెలిసిన పురుగే! తర్వాత చచ్చిన చెట్ల వలయాలు లెక్కపెట్టి చూస్తే, 1990ల మొదట్లోనే ఈ ప్రాంతానికి చేరిందని తెలిసింది. సరుకుల పెట్టెల చెక్కలో వచ్చి ఉంటుందని అంచనా. దాదాపు పదేళ్ళు మన కళ్ళముందే బతికిందన్నమాట.

దానికి మేత సిద్ధం చేసిపెట్టిందీ మనమే. గత శతాబ్దంలో డచ్ ఎల్మ్ తెగులు వీధుల్లోని ఎల్మ్ చెట్లను తుడిచిపెట్టేసింది. ఖాళీ అయిన చోట, త్వరగా పెరుగుతుందని, చాలా ఊళ్ళలో వరసగా యాష్ నాటారు. ఒకే జాతి చెట్లతో వీధులు నింపితే ఏమవుతుందో చూసి కూడా మళ్ళీ అదే పని చేశారు. ఈ పురుగుకి కోట్ల చెట్లు బలయ్యాయి. మాదీ అందులో ఒకటి.

2022లో ఇది హిల్స్‌బరో పక్కనున్న ఫారెస్ట్ గ్రోవ్‌లో కనబడింది. అందుకే చెల్లెలికి ఫోన్ చేసి, నీళ్ళ సంగతి తర్వాత, ముందు కాండం చూడమన్నాను. బెరడు మీద ఇంగ్లీషు ‘డి’ అక్షరంలా చిన్న చిల్లులున్నాయా? వడ్రంగిపిట్టలు పైబెరడు చెక్కేసి లేతరంగు మచ్చలు చేశాయా? మొదట్లో కొత్త చిగుళ్ళు పొడుచుకొస్తున్నాయా? బెరడు ఊడినచోట పాములా మెలికలు తిరిగిన దారులున్నాయా? లార్వాలు బెరడు కింద మెత్తటి పొరను తినేస్తే ఆకులు చేసిన ఆహారం వేర్లకు దిగదు, నీళ్ళు పైకి సరిగా ఎక్కవు. ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం?

మాకప్పుడు లేని మందు ఇప్పుడుంది. ఎమామెక్టిన్ బెంజోయేట్. మనవైపు మిరపకి, పత్తికి కొట్టే మందే. ఇక్కడ కాండంలోకి ఎక్కిస్తారు. ఒకసారి వేస్తే రెండు మూడేళ్ళు కాపాడుతుంది. కానీ ఆకు మూడోవంతు రాలకముందే పట్టుకోవాలి. సగం పోయాక మందు దండగ.

“చిల్లు ఒకటి కనపడింది అన్నయ్యా. ఆకు చాలావరకు ఉంది,” అంది.

“అయితే ఇవాళే చెట్ల డాక్టరుకి ఫోన్ చెయ్యి,” అన్నాను.