మూలలు లేని ఇల్లు

శ్రీకాకుళము మొదలుకొని విశాఖపట్టణము వరకు గల తీరప్రాంతమున, జాలరిపేటలలోను, వాని వెనుకనున్న మెట్టయూళ్లలోను, తరతరములుగా జనులు కట్టుకొని కాపురముండిన యిల్లు చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడయు, నడినెత్తిన ఎత్తుగా లేచి చూరు నేలకు నడుమెత్తు వరకు దిగిన తాటాకు కప్పును, తల వంచినగాని లోనికి పోరాని గుమ్మమును గల యీ గృహమును చూచి, ఇది లేమి కల్పించిన గుడిసె యని తలచుట పట్టణవాసులకు పరిపాటి. లేమి యుండినమాట నిజమే. కాని లేమి యొక్కటియే యిల్లు కట్టజాలదు. గాలిని, ఎండను, చేతికందు పదార్థములను శతాబ్దముల తరబడి పరికించిన బుద్ధి యొకటి దీని వెనుక నున్నదని నా దృఢవిశ్వాసము.

ఆ బుద్ధి మిక్కిలి ప్రాచీనమైనది. నాగార్జునకొండ లోయ జలాశయమున మునుగక పూర్వము, 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో, నవీనశిలాయుగపు మానవుడు నేలలో గుంటలు త్రవ్వి, గుంజలు నాటి, పైన కప్పుకొనిన నివాసముల జాడలు బయల్పడినవి. అంతకన్న స్పష్టమైన సాక్ష్యము ఏలూరు జిల్లా కామవరపుకోట చేరువనున్న గుంటుపల్లిలో కలదు. అచ్చట క్రీ.పూ. 2వ శతాబ్ది ప్రాంతమున బౌద్ధభిక్షువుల కొఱకు కొండను తొలిచిన శిల్పులు వర్తులాకారమైన చైత్యగృహమును మలచి, నడుమ స్తూపమును నిలిపి, పైకప్పున వాసములను సయితము రాతిలోనే చెక్కిరి. కొండకు వాసములతో పనిలేదు. అది తనంత తానే నిలుచును. అయినను శిల్పి వానిని చెక్కుటకు కారణము, గుండ్రని యిల్లన నట్లే యుండవలెనని అతని కన్ను అలవాటుపడి యుండుటయే కావలెను. వంశధారానది యొడ్డున 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోనికి తెచ్చిన శాలిహుండములోను, విశాఖకు చేరువనున్న తొట్లకొండమీదను గుండ్రని చైత్యగృహముల అవశేషములు కానవచ్చుచున్నవి. చుట్టిల్లు నిన్నమొన్నటి దాక నిలిచిన సీమయు నదియే. మట్టియు తాటాకును రెండువేల యేండ్లు నిలుచునవి కావు. నిలిచిన రాతిని చూచియే మనము ఆనాటి కఱ్ఱపనిని ఊహించుకొనవలసియున్నది.

కట్టు విధానము సులభముగా కనిపించును గాని సులభమైనది కాదు. మట్టిని గడ్డితో కలిపి, నానబెట్టి, కాళ్లతో త్రొక్కి, ముద్దలుగా పేర్చి మూరెడు మందమున ఒక వరుస పెట్టి, అది ఆరిన పిమ్మటనే రెండవ వరుస పెట్టవలెను. తొందరపడినచో గోడ బీటలువారును. గోడ తలమట్టమున తాటిదూలములు పఱచి, వెదుళ్లు పేర్చి, పైన మట్టి మెత్తినచో అటక యగును. ధాన్యమునకును, ఏడాదికొకసారి దింపెడి పెద్ద పాత్రలకును అదియే చోటు. ఈ యింటి రహస్యమంతయు నా అటకలోనే యున్నదని నాకు తోచుచుండును. కప్పునకును గదికిని నడుమ మట్టిపొర యుండుటచే ఎండవేడి క్రిందికి దిగుట అరుదు. ఒకవేళ చూరున నిప్పంటుకొనినను, మనుష్యులను సామానును వెలుపలికి చేర్చుకొనుటకు కొంత వ్యవధి దొరకును. కలిగినవారు గదిచుట్టును మఱియొక గోడ పెట్టి, రెంటి నడుమ వసారా విడిచి, వంటను అందులోనికి మార్చుకొనెడివారు. తొలకరికి ముందు చివికిన ఆకు తీసివేసి క్రొత్త ఆకు నేయుదురు. అది ఒంటరి పని కాదు. ఇరుగుపొరుగువారు పనికి పని బదులు చేసికొనెడివారు. ఆకు పొలముగట్ల మీదిది, మట్టి ఊరిది, వెదురు మన్యమునుండి సంతకు దిగినది. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత అప్పులభారము నెఱిగిన గృహస్థులది. చుట్టింటివానికి పెండ్లిభారము తప్పకపోయినను ఇంటి అప్పు అంతగా అంటలేదు.

గుండ్రముగా కట్టుటలో నొక లెక్క యున్నది. 14 అడుగుల వ్యాసము గల గది 154 చదరపు అడుగుల చోటు నిచ్చును. దానికి 44 అడుగుల గోడ చాలును. అంతే చోటును నలుచదరముగా కట్టవలెనన్న దాదాపు 50 అడుగుల గోడ పెట్టవలెను. ఆ తేడా అంతయు త్రొక్కవలసిన మట్టి, మోయవలసిన మట్టి. ఎండ తగులు గోడయు నంతమేర తగ్గును. మూల లేని గోడకు తగిలిన గాలి ఇరువైపులకు చీలి జారిపోవును. చూరు క్రిందికి దిగియుండుటచే కప్పు అడుగున చొరబడి పైకెత్తుటకు గాలికి సందు చిక్కదు. ఇండ్లను చూరు చూరు తాకునంత చేరువగా కట్టుకొనుటయు ఒకదానికొకటి అడ్డు నిలుచుటకే. ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతమున పుట్టు వాయుగుండములను ప్రతి తరమును చూచిన జనులు, ఎగిరిపోయిన కప్పులను చూచి చూచి నేర్చిన విద్య యిది. అయితే గాలికి నిలుచు నీ యిల్లు నీటికి నిలువజాలదు. ఉప్పెన తగిలినచో మట్టిగోడ కరగును. ఆ లోపమును దాచుట సత్యమునకు ద్రోహము.

ఇంత చిన్న యింట నొక కుటుంబము ఎట్లు తృప్తిగా నుండెనని నేటివారు అడుగుదురు. ఇల్లు బ్రతుకునకంతకు చోటీయవలెనని వారు కోరలేదు. ధాన్యమునకు, వానదినములకు, బాలింతకు, రోగికి నీడయైన చాలునని కోరిరి. తక్కిన కాలమంతయు అరుగుమీదను, చూరునీడను, వాకిట నులకమంచముమీదను గడచెను. వల బాగుచేసికొనుట, పిల్లకు తలదువ్వుట, తగవు తీర్చుకొనుట, అన్నియు పదిమంది కన్నులయెదుటనే. పేడతో అలికిన నేలను, ఎఱ్ఱమట్టి పూసిన గోడను, దానిపై స్త్రీలు తీర్చిన తెల్లని ముగ్గులను చూచినవారు అది దైన్యమని అనజాలరు.

కడప, కర్నూలు, అనంతపురము సీమలలో తాటాకు అరుదు, తుపాను దూరము. రాయియు, చౌడుమట్టియు, మండుటెండయు కావలసినంత. అచ్చటివారు మందపు గోడలపై దూలములు దంతెలు పఱచి, చౌడు పోసి మిద్దె కట్టిరి. కప్పున గవాచి విడిచి వెలుతురు దింపిరి. రూపము వేఱు, విచక్షణ యొక్కటే.

చుట్టిల్లు క్షీణించుటకు నెపము నొక్కరిపై మోపరాదు. నిప్పు నిజమైన శత్రువు. వేసవిలో ఒక్క పొయ్యినుండి రవ్వ ఎగిరి వాడయంతయు బూడిదయైన ఊళ్లు ఎన్నియో. చూరులు తాకునంత చేరువ గాలికి రక్షయైనదే, నిప్పునకు దారియైనది. పూరింటికి పిల్లనీయమను మాట పెండ్లిండ్లలో వినబడసాగెను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది ప్రాణములు కోల్పోయిన పిమ్మట, పేదవానికి పక్కాయిల్లు కట్టియిచ్చుట ప్రభుత్వధర్మమను భావము బలపడెను. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ యేర్పడెను. ఆ యుద్దేశము పవిత్రమైనది, నేను దానిని నిందింపను. కాని తీరమునకును, మెట్టకును, ఎండుసీమకును ఇంచుమించుగా అదే నలుచదరపు గదియు, అదే కాంక్రీటు కప్పును దక్కినవి. పగలంతయు ఎండను త్రాగిన ఆ పలుచని కప్పు రాత్రి ఆ వేడిని క్రింద నిదురించువారిమీదికి విడుచును. పంకా తిరుగక నిదుర రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును తాకి, దినముల తరబడి విద్యుత్తు లేకుండ చేసినప్పుడు, విద్యుత్తును నమ్ముకొని కట్టిన యిల్లు ఎట్టిదో పట్టణమంతయు అనుభవించెను.

చుట్టింటిని మరల ఊరూర కట్టవలెనని నేననను. ఆకు నేయువారు తగ్గిరి, తాటిచెట్లు తగ్గినవి, నిప్పు భయము తీరలేదు. అయితే ఇటుకతోనో, పెంకుతోనో, గట్టిపఱచిన మట్టితోనో రేపు కట్టబోవు చిన్న యింటికి దీని కొలతలు పనికివచ్చును. ఆ కొలతలు ఏ గ్రంథమునకన్నను కట్టినవారి చేతులలోనే ఎక్కువగా నున్నవి. విశాఖపట్టణమున వాస్తువిద్య నేర్చు విద్యార్థులు నిలిచియున్న కొద్ది యిండ్లకు పోయి, కప్పు వాలు ఎంత, చూరు గోడను దాటి ఎంత దిగినది, అటకమీది మట్టి ఎన్ని అంగుళములు, మట్టిలో గడ్డి పాలెంత, వాసములు నడినెత్తిన ఎట్లు ముడిపడినవి, అన్నియు కొలిచి, గీసి, అడిగి వ్రాసికొనవలెను. ఈ వేసవిలోనే ఆ పని మొదలుపెట్టినచో, చెప్పగలవారు ఇంకను దొరకుదురు.